చూచుట వేఱు, ఆడుట వేఱు

వేసవి సెలవులలో మా యింటికి వచ్చిన మేనల్లుడు, మధ్యాహ్న భోజనమైన తరువాత వసారాలోని మడతమంచముపై వాలి, తన ఫోనులో బీజీఎమ్ఐ అను ఆటను తెఱచి, ఆడుటకు ముందు సెట్టింగులలోనికి పోయి చేసిన పని యొకటి నన్ను ఆశ్చర్యపఱచినది. ఆ ఫోను వాడు ఇంటరు నెగ్గినందుకు వాని తండ్రి కొనిపెట్టినది. దుకాణమువాడు దాని తెరను గూర్చియే పావుగంట వర్ణించినాడట. అట్టి తెర చేత నుండగా, కుఱ్ఱవాడు గ్రాఫిక్స్ అను వరుసలోని మెఱుగైన మెట్లన్నింటిని విడిచి, క్రిందుగా నున్న ‘స్మూత్’ అను దానిని ఎన్నుకొని, దాని ప్రక్కనున్న ఫ్రేమ్ రేటును మాత్రము ‘ఎక్స్‌ట్రీమ్’ వఱకు పెంచినాడు.

“అంత ఖరీదు పెట్టి కొన్న ఫోనులో బొమ్మ ఎందుకురా తగ్గించావు?” అని అడిగితిని.

“చూడ్డం వేరు, ఆడడం వేరు మామయ్యా. నీడలూ మెరుపులూ ఎక్కువైతే ఎవడొస్తున్నాడో కనపడి చావదు. పైగా ఫోను వేడెక్కి, సరిగ్గా కాల్చే టైముకే ల్యాగ్ కొడుతుంది,” అని వాడు తల యెత్తకయే బదులు చెప్పినాడు.

వేదాంతి వలె ఇంత మాట పలికిన ఆ బాలుడే, ఆ సాయంకాలమున మా కంప్యూటరు ముందు కూర్చుండి, ఒక క్రొత్త ఆట యొక్క ట్రెయిలరును నాకు చూపి, కోటగోడ మీద వానచుక్క జాఱు తీరును, తడిసిన రాతిలో దివిటీ ప్రతిఫలించు విధమును వేలు పెట్టి వివరించి, దానిని కొనిపెట్టుమని వేడుకొనెను. ఆ కోటలో కథానాయకుడు చేయు పని యేమో వానికిని తెలియదు, నాకును తెలియదు. కొన్నాము. రాత్రి యంతయు డౌన్‌లోడ్ అయిన ఆ ఆటను మా కంప్యూటరు మోయలేక, పది మెట్లు ఎక్కిన ముసలివాని వలె అడుగడుగునకు ఆగి రొప్పినది. సెట్టింగులతో పెనుగులాడుచు నాలుగు దినములు గడపితిమి. సొమ్ము తిరిగి యడుగుటకు గడువొకటి యున్నదని తెలిసినది ఆ గడువు దాటిన పిమ్మటనే.

ఈ యుదంతమును నేను తఱచు తలపోయుటకు కారణము సొమ్ము పోయినదని కాదు. తెలిసిన ఆటలో బొమ్మను తన చేతితో తానే తగ్గించుకొన్నవాడు, తెలియని ఆటను బొమ్మ చూచియే కొనబోయినాడు; ఈ వైరుధ్యము వాని యొక్కనిది కాదు, మన యందఱిది. ఆట యొక్క రుచి వ్రేళ్ళకు తెలియవలసినదే గాని గోడపత్రికకు ఎక్కునది కాదు గనుక, అమ్ముటకు ముందు అమ్మువాడు చూపగలిగినది బొమ్మ మాత్రమే, కొనుటకు ముందు కొనువాడు కొలువగలిగినదియు బొమ్మ మాత్రమే. పెండ్లిచూపులు అరగంట, కాపురము ఏండ్ల తరబడి. ఆ అరగంటలో కనబడినదానిని బట్టి ఈ ఏండ్ల సంగతి నిర్ణయించుకొనువారు ఎట్లు మోసపోవుదురో, ట్రెయిలరు చూచి ఆట కొనువారును అట్లే మోసపోవుదురు. అట్లని బొమ్మ వలన ప్రయోజనము లేదనుట తొందరపాటగును. ఏ బొమ్మ ఏ ఆటకు ఎంత పని చేయుచున్నదో తూచి చూచుటయే ఈ అధ్యాయమున మనము నేర్చుకొనవలసిన విద్య.

బొమ్మ చేయు మూడు పనులు

వాత్స్యాయనుని కామసూత్రములకు జయమంగళ యను వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు చిత్రకళకు ఆఱు అంగములు చెప్పినాడు: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. ఉన్నవస్తువును ఉన్నట్లు చూపుటయైన సాదృశ్యము ఈ యాఱింటిలో ఒకటి మాత్రమే యని గమనింపుడు. నేడు ‘గ్రాఫిక్స్ అదిరాయి’ అని మనము మెచ్చుకొనునప్పుడు మెచ్చునది ప్రాయికముగా ఈ ఒక్క యంగమునే. తక్కిన యైదింటి మాట మఱచియే పోవుచున్నాము.

ఆటకు పనికివచ్చునట్లు ఈ విచారమును కుదించి చెప్పవలెనన్నచో, తెర మీది బొమ్మ మూడు పనులు చేయును. ఎవరు ఎక్కడ నున్నారో, ఏది ముట్టవలెనో, ఏది తప్పించుకొనవలెనో క్షణములో తెలుపుట మొదటిది. దీనిని స్పష్టత యందము. ఈ లోకమునకు తనదైన యొక ముఖమున్నదని మనసునకు తోపించుట రెండవది, ఇది శైలి. ఇది నిజమైన వానయే, నిజమైన రాయియే యని భ్రమింపజేయుట మూడవది, ఇది సాదృశ్యము. మొదటిది లేనిదే ఆట లేదు. రెండవది లేనిదే ఆట మనసున నిలువదు. మూడవది కొన్ని ఆటలకు ప్రాణము, పెక్కింటికి నగ.

స్పష్టత

1984లో మాస్కోలోని సోవియట్ విజ్ఞాన పరిషత్తుకు చెందిన గణన కేంద్రమున పనిచేయుచున్న అలెక్సీ పజిత్నోవ్ ‘టెట్రిస్’ను మొదట రచించిన ఎలెక్ట్రానికా 60 అను యంత్రమునకు బొమ్మలు గీయుటయే చేతకాదు, చదరపు కుండలీకరణముల జంటలను పేర్చి ఆయన ఇటుకలను చూపవలసివచ్చెను. రంగు లేదు, నీడ లేదు, వెనుక దృశ్యము లేదు. అయినను ఏ ఇటుక ఏ సందులో ఇముడునో చూచినవానికి తెలియుచునే యున్నది. అంత తెలిసిన చాలును, చేయి ఊరకుండదు. తరువాతి నలువది సంవత్సరములలో ఆ ఆటకు ఎన్ని రంగులు పూసినను, ఇటుక పడుటలోని ఉత్కంఠకు అవి చేర్చినది స్వల్పము.

స్పష్టత యనునది పేదరికములోనుండియే తఱచు పుట్టుట మఱియొక వింత. 1981లో ‘డాంకీ కాంగ్’ కొఱకు షిగెరు మియమోతో గీసిన వడ్రంగి, పిమ్మట మారియో యను పేర లోకప్రసిద్ధుడైనవాడు, గుప్పెడు పిక్సెళ్ళతో, అనగా తెర చుక్కలతో, ఏర్పడవలసినవాడు. అంత చిన్న ముఖమున నోరు గీయుటకు చోటు లేదు గనుక మీసము వచ్చినది. జుట్టు గీయుట కష్టము గనుక టోపీ వచ్చినది. చేతుల కదలిక దేహములో కలిసిపోకుండుటకై రంగు వేఱైన దుస్తులు వచ్చినవి. అలంకారమని మనమనుకొనునది అవసరము. ఆ అవసరము వలననే వానిని నేటికిని ఆమడ దూరము నుండి గుర్తుపట్టగలుగుచున్నాము. 1978లో తొమోహిరో నిషికాదో రచించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో శత్రువులు తగ్గుకొలది తక్కినవారి నడక వేగమగుటకు మూలము కూడ యంత్రము యొక్క దుర్బలతయే: గీయవలసిన బొమ్మలు తగ్గినకొలది అది త్వరగా గీయగలిగెను. రచయిత ఆ లోపమును దిద్దక అట్లే యుంచగా, కడపటి శత్రువును కొట్టుటయందలి గుండెదడ ఆటకు దక్కినది.

మా మేనల్లుడు బొమ్మను తగ్గించుటలోని యుక్తి యిదియే. వాడు విడిచినది సాదృశ్యమును, నిలుపుకొన్నది స్పష్టతను. పందెములకు కౌంటర్-స్ట్రైక్ అను కాల్పుల ఆటను ఆడు నిపుణులలో పెక్కురు గొప్ప కంప్యూటరు ముందుంచుకొనియు తెర చుక్కలను తగ్గించుకొని యాడుదురు. అది పిసినారితనము కాదు, వృత్తిధర్మము.

శైలి

నింటెండో వారు ‘జెల్డా’ కథలలో క్రొత్తదైన ‘విండ్ వేకర్’ను 2001లో ప్రదర్శించినప్పుడు, పెద్దకన్నుల పిల్లవాడు, చదునైన రంగులు, కార్టూను వంటి అలలు చూచి అభిమానులు నొచ్చుకొనిరి. అంతకు ముందేడు చూపిన నమూనాలో కథానాయకుడు నిజమైన యోధుని వలె నుండెను. అట్టివాడు వచ్చునని ఎదురుచూచిన వారికి ఈ పసివాడు పరిహాసముగా తోచెను. 2002 చివర ఆ ఆట వెలువడినది. దాని యీడు ఆటలలో నిజమును అనుకరింపబోయినవి నేడు చూచినచో మైనపు బొమ్మల వలె వెలవెలబోవుచుండగా, ఇది మాత్రము నిన్న గీసినట్లు తళతళలాడుచున్నది. ఏలనన, సాదృశ్యమునకు ప్రతి సంవత్సరము క్రొత్త యంత్రము పోటీకి వచ్చును. శైలికి పోటీ లేదు.

తెలుగువారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱ లేదు. తోలుబొమ్మలాటలో రావణుడు పారదర్శకమైన తోలుపై ఎఱ్ఱ నల్ల రంగులతో, దీపము ముందు ఊగుచు కనబడును. అట్టి మనిషిని ఎవరును ఎన్నడును చూచియుండరు. అయినను తెర వెనుకనుండి ఆ గొంతు వినబడగానే ఒడిలోని పిల్లవాడు తల్లి కొంగు పట్టుకొనును. పుణె నగరపు నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు 2020లో వెలువరించిన ‘రాజీ’ అను ఆటలో కథ చెప్పు ఘట్టములను నీడబొమ్మల తీరున నడపిరి. విదేశపు పెద్ద సంస్థల ధనబలము లేని చిన్న బృందము వాటితో సాదృశ్యమున పోటీపడక, తన దేశపు శైలిని ఆశ్రయించుట వివేకము.

శైలికి ధనము ప్రధానము కాదనుటకు నాకు ఇంటిలోనే యొక దృష్టాంతము దొరకినది. కోట ఆట మూలబడిన తరువాత మేనల్లుడు ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అను చిన్న ఆటను దింపుకొనెను. ఎరిక్ బరోన్ అను ఒక్క వ్యక్తి నాలుగేండ్లకు పైగా శ్రమించి, బొమ్మలును సంగీతమును కథయు తానే కూర్చి 2016లో వెలువరించిన ఆట అది; చుక్కలు లెక్కపెట్టదగిన పాతకాలపు బొమ్మలు; 2024 చివరకు నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినది. ఊరిపెద్ద యిచ్చిన పదునైదు విత్తనములను నాటి, దినదినము నీరు పోసి, తెల్లని దుంప పండించుటతో ఆట మొదలగును. కంప్యూటరు జోలికి ఎన్నడును రాని మా చెల్లెలు, మూడవనాడు వంటయింటి గుమ్మమున నిలిచి, “ఒరేయ్, పొద్దున మడికి నీళ్ళు పోశావా లేదా?” అని కొడుకును గద్దించుట విన్నప్పుడు, ఆ నాలుగు చుక్కల మడి ఆమెకు నిజమైన మడియే యైనదని తెలిసికొంటిని.

సాదృశ్యము, దాని వెల

సాదృశ్యమును తక్కువ చేసి మాటాడుట నా యుద్దేశము కాదు. చూచుటయే ఆటయైన ఆటలు కలవు. 2020లో మైక్రోసాఫ్ట్ వారు వెలువరించిన ఫ్లైట్ సిమ్యులేటరు ఉపగ్రహ చిత్రముల యాధారమున భూగోళము నంతటిని నిర్మించినది. అందు విమానమెక్కి గోదావరి మీదుగా పోవువానికి నది నదివలె, లంక లంకవలె కనబడనిచో ఆ ప్రయాణమునకు అర్థమే లేదు. 2018 నాటి ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’లో గుఱ్ఱమెక్కి పని లేకయే సంచరించుట సగము ఆనందము, మంచు కురిసిన నేలపై డెక్కల జాడ పడకున్నచో ఆ సగమును పోవును. ఇట్టి ఆటలను నాసిరకపు తెరపై ఆడుట కచేరీని ప్రక్కయింటి గోడకు చెవి యొగ్గి వినుట వంటిది.

అయినను సాదృశ్యమునకు వెల యున్నది. అది ధనము మాత్రమే కాదు. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల యెత్తు గల తెరకు 20,73,600 చుక్కలు. 4కె తెరకు 82,94,400, అనగా సరిగా నాలుగింతలు. యంత్రము సెకనుకు అఱువది మాఱులు బొమ్మ గీయవలెనన్నచో ఒక్కొక్క బొమ్మకు దానికి దక్కు వ్యవధి సుమారు 17 మిల్లీసెకన్లు. ముప్పది మాఱులైన సుమారు 33. చుక్కల మీద, నీడల మీద, నీటి మెఱుపుల మీద ఖర్చుపెట్టిన శక్తి కదలికకు మిగులదు. కదలిక తడబడినచో మీరు మీట నొక్కుటకును తెరపై మనిషి దూకుటకును నడుమ ఎడము పెరుగును. కన్ను ఈ ఎడమును మన్నించును గాని చేయి మన్నింపదు.

ఈ లెక్క ఎఱుగకపోవుట వలన కంపెనీలును దెబ్బతిన్నవి. 1989లో నింటెండో వారి గేమ్ బాయ్ ఆకుపచ్చ ఛాయ గల నాలుగు వన్నెల తెరతో వచ్చినది. మరుసటియేడు సేగా వారు గేమ్ గేర్ అను పేర, వెనుక వెలుగు గల రంగుల తెరతో పోటీకి దిగిరి. ప్రక్క ప్రక్కన పెట్టి చూచినవాడు ఏది మెచ్చునో చెప్పనక్కఱ లేదు. కాని ఆ రంగుల తెర ఆఱు బ్యాటరీలను అయిదు గంటలలోపలనే మ్రింగివేయుచుండ, గేమ్ బాయ్ నాలుగింటితో పది గంటలకు మించి నడచెను. పైగా దానితో కూడ టెట్రిస్‌ను ఇచ్చిరి. తరువాతి రంగుల రూపముతో కలిపి గేమ్ బాయ్ పదునొకండు కోట్లకు పైగా అమ్ముడుపోగా, గేమ్ గేర్ సుమారు కోటి దగ్గఱ ఆగిపోయినది. దుకాణములో గెలిచిన బొమ్మ రైలుపెట్టెలో ఓడినది.

సాదృశ్యమున మఱియొక చిక్కును జపాను శాస్త్రజ్ఞుడు మసహిరో మోరి 1970లోనే మరబొమ్మలను గూర్చి విచారించుచు సూచించినాడు: బొమ్మ మనిషిని పోలినకొలది మనకు దానిపై మమకారము పెరుగును, కాని ఇంచుమించు మనిషియే యైన చోట, ఆ కొఱత వలననే, అకస్మాత్తుగా ఏవగింపు కలుగును. నీడబొమ్మ కన్నీరు కార్చిన కరుణ. చర్మరంధ్రములతో సహా గీసిన ముఖము పెదవి కదపకయే మాటాడిన కంపరము.

కొనుటకు ముందు, కొన్న పిమ్మట

ఇంతవఱకు చెప్పినదానిని ఆచరణకు తెచ్చు విధము వినుడు. ట్రెయిలరును చూచిన వెంటనే కొనకుడు. అది కన్యను చూపుటకై కట్టిన పట్టుచీర. సామాన్యుడెవడైన ఇంటిలో ఆడి పెట్టిన వీడియోను, అందును కథలో నడిమి భాగమును, పది నిమిషములు చూచి, ‘ఇందులో నా చేతులకు పని యేమి?’ అని ప్రశ్నించుకొనుడు. దానికి ఒక్క వాక్యమున సమాధానము చెప్పలేకపోయినచో ఆ ఆటను మీరింకను చూడలేదనియే భావింపుడు.

పిదప యంత్రము సంగతి. ఆట అట్టపై వ్రాసిన కనీసపు అర్హత యనగా ఆట తెఱచుకొనునని మాత్రమే అర్థము. సుఖముగా ఆడవలెనన్నచో సిఫారసు చేసిన అర్హతనే కొలతగా గ్రహింపుడు. చోటును లెక్కించుకొనుడు: కంప్యూటరుపై రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు 150 జీబీ కావలెను, స్టార్‌డ్యూ వ్యాలీకి అర జీబీ చాలును. స్టీమ్ అను ఆటల అంగడిలో కొన్నవారు, కొని పదునాలుగు దినములు దాటకయు, ఆడినది రెండు గంటలకు మించకయు ఉన్నప్పుడు సొమ్ము తిరిగి యడుగవచ్చును. ఆ రెండు గంటలను రంగులు సరిచేసికొనుటలో ఖర్చుచేయక ఆడి చూచుటకే వినియోగింపుడు.

ఆట తడబడుచున్నచో వెంటనే క్రొత్త గ్రాఫిక్స్ కార్డుకు పరుగెత్తకుడు. మోషన్ బ్లర్, ఫిల్మ్ గ్రెయిన్ అను రెండింటిని ముందు ఆపుడు. వాటి వలన అందము కంటె మసకయే యెక్కువ. పిదప నీడలను, ప్రతిఫలనములను ఒక్కొక్క మెట్టు దింపుడు. ఆడుచుండగా ఆ లోటు మీకు పట్టదు. అప్పటికిని తీరకున్నచో తెర చుక్కలను తగ్గింపుడు. కదలికను మాత్రము బలిపెట్టకుడు. తల తిరుగువారు కెమెరా కుదుపును ఆపి, చూపు వెడల్పును పెంచుకొనవలెను. ఎఱుపు పచ్చల భేదము తెలియనివారికై రంగులు మార్చు సదుపాయము పెక్కు ఆటలలో కలదు. అక్షరములను పెద్దవి చేసికొను సదుపాయము కూడ కలదు. నలువది దాటినవారు దీనికి సిగ్గుపడనక్కఱ లేదు.

ఇక దీనికి ఎదురుగానున్న గర్వమొకటి కలదు: పాతకాలపు చుక్కల బొమ్మలలోనే నిజమైన ఆట యున్నదనియు, అందమైన ఆటలన్నియు పైపూతలేననియు పలుకుట. అదియు బొమ్మను చూచి ఆటను తీర్పు చెప్పుటయే. ముఖము మార్చుకొన్న ఆ పాత తప్పే. చుక్కల బొమ్మలతో విసుగెత్తించు ఆటలును అసంఖ్యాకములు.

చివరకు మిగిలినది ఒక పరీక్ష. దీనిని నేను కనిపెట్టలేదు, భోజనముల వద్ద తనంత తానే బయటపడినది. కోట ఆటను గూర్చి అడిగినప్పుడు మేనల్లుడు “గోడలు భలే ఉన్నాయి, వాన భలే ఉంది” అని ఊరకుండెను. దుంపల ఆటను గూర్చి అడుగగా, అన్నము కలుపుట మాని, “నిన్న వాన పడితే నీళ్ళు పోసే పని తప్పింది కదా, ఆ టైములో గనిలోకి దిగాను, లోపల దీపం అయిపోయింది...” అని మొదలుపెట్టి, మజ్జిగ వఱకు ఆపలేదు. మీరును రేపు ఒక ఆటను గంటసేపు ఆడి, కంప్యూటరు ఆపి, ఇంటిలో ఎవరికైన దానిని గూర్చి చెప్పి చూడుడు. మీ నోట ‘ఉంది, ఉంది’ అను మాటలే వచ్చినచో మీరు కొన్నది పటము. ‘వెళ్ళాను, దిగాను, తప్పించుకున్నాను’ అని వచ్చినచో మీరు కొన్నది ఆట. దాని బొమ్మలెట్లున్నను సొమ్ము దండుగ కాలేదు.